నడినీటిలో ఆగిపోయే మోటారు

కర్నూలు, కడప ప్రాంతాలకు కరువు సీమ అన్న పేరు స్థిరపడినా, ఆ నేల మీద నిలిచే నీటి విస్తీర్ణం తక్కువేమీ కాదు. కృష్ణ మీద కట్టిన శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు ఆ మట్టానికి చేరినప్పుడు వెనుక జలాలు నల్లమల అంచుల వెంట పాకి, సిద్ధేశ్వరం, సంగమేశ్వరం, ముచ్చుమర్రి పరిసరాలను ముంచెత్తుతాయి. సప్తనదుల సంగమంగా చెప్పుకొనే సంగమేశ్వరాలయం ఏటా నెలల తరబడి ఆ నీటి అడుగునే ఉండి, వేసవిలో మట్టం దిగిన తరువాతనే బయటపడుతుంది. కడప వైపున పెన్న మీద గండికోట, దానికి దిగువన మైలవరం, బ్రహ్మంగారిమఠం దగ్గర బ్రహ్మంసాగరం ఉండగా, నెల్లూరు జిల్లాలో కట్టిన సోమశిల జలాశయపు వెనుక జలాలు కూడా కడప జిల్లాలోకే వస్తాయి. ఈ నీళ్ల మీద పుట్టిలూ తెడ్ల పడవలూ ఎంతగా తిరిగినా, ఒడ్డు నుంచి ఒడ్డుకు మనుషులను చేర్చే పెద్ద పడవలు, పర్యాటకులను తిప్పే బోట్లు, వరదల్లో రక్షణకు దిగే రబ్బరు బోట్లు మోటారు మీద ఆధారపడినవే. ఆ మోటారు ఒడ్డున చక్కగా స్టార్టయి, పది పదిహేను నిమిషాలు నడిచి, నడినీటిలో ఆగిపోవడం బోటు నడిపేవారికి బాగా తెలిసిన బాధ. దానికి కారణం కనిపెట్టడం మాత్రం చాలామందికి కొరుకుడు పడని విషయంగానే మిగిలిపోతోంది.

పడవ వెనుక చెక్కకు బిగించి, పని అయిన తరువాత ఊడదీసి మోసుకుపోగలిగిన మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. పైన ఇంజను, దాని నుంచి నిలువుగా కిందికి దిగే షాఫ్టు, నీటిలో తిరిగే ప్రొపెల్లర్ అనే రెక్కల చక్రం, ఇవన్నీ ఒకే కట్టుగా ఉంటాయి. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో తన మోటారును అమ్మకానికి తెచ్చిన నాటి నుంచి దీని రూపం ఎంత మారినా, మోటారు సైకిలు ఇంజను నుంచి దీనిని వేరుచేసే రెండు లక్షణాలు అలాగే ఉన్నాయి. చిన్న మోటార్లను మినహాయిస్తే పెట్రోలు ట్యాంకు ఇంజను పైన ఉండక పడవ అడుగున విడిగా ఉంటుంది గనుక, పెట్రోలు దానంతట అది జారి రాదు, ఇంజనే దానిని పీల్చుకోవాలి. రెండో లక్షణం చల్లబడే తీరు. దీనికి రేడియేటరు లేదు, గాలి తగిలే రెక్కలూ లేవు. కింది భాగంలో ఉన్న చిన్న పంపు చుట్టూ ఉన్న నీటినే పైకి తోడి, సిలిండర్ల చుట్టూ తిప్పి, మళ్లీ బయటికి వదులుతుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయే జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ రెండు ఏర్పాట్ల దగ్గరే పుడతాయి.

ఈ జబ్బును పట్టుకోవడం కష్టం కావడానికి కారణం, కొంత విశ్రాంతి ఇస్తే అది తగ్గినట్లు కనిపించడమే. ట్యాంకుకు గాలి అందక ఆగిన మోటారు, వేడెక్కి ఆగిన మోటారు, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ దెబ్బతిని ఆగిన మోటారు అరగంట ఊరకుంటే మళ్లీ స్టార్టవుతాయి. మొదటిదానిలో ఆ అరగంటలో సందుల గుండా ట్యాంకులోకి గాలి చేరుతుంది, రెండోదానిలో లోహం చల్లారుతుంది, మూడోదానిలో వేడికి తెగిన విద్యుత్ మార్గం చల్లబడి తిరిగి కలుసుకుంటుంది. ఒడ్డుకు తెచ్చి మెకానిక్కుకు చూపే సరికి మూడింటిలోనూ ఏ లోపమూ కనిపించదు. అతడు అలవాటు కొద్దీ ప్లగ్గు మార్చి, కార్బ్యురేటరు కడిగి పంపిస్తాడు, మరునాడు అదే చోట మోటారు మళ్లీ ఆగుతుంది. అందువల్ల ఆగిన తరువాతి మొదటి రెండు మూడు నిమిషాల్లో, అంటే లోపం ఇంకా సజీవంగా ఉన్నప్పుడే, బోటు మీద ఉన్న మనిషి చేసే పరీక్షకు ఉన్న విలువ షెడ్డులో గంటల తరబడి చేసే పనికి లేదు.

ఆ పరీక్షకు ముందు చేయవలసింది ఒకటుంది. శ్రీశైలం వెనుక జలాల నుంచి పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు, ముచ్చుమర్రి, మల్యాల ఎత్తిపోతల పథకాలు నీటిని తోడుకుంటాయి గనుక, నిశ్చలంగా కనిపించే నీటిలో కూడా లాగు ఉండవచ్చు. గాలి వీచినప్పుడు చోదన లేని పడవ ఎటైనా కొట్టుకుపోతుంది. లంగరు దించి, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారని చూసుకొని, ఆ తరువాతనే మోటారు మూత ఎత్తాలి. తెడ్డు లేకుండా మోటారు ఒక్కదానినే నమ్ముకొని బోటు కదలకూడదన్నది ఈ సందర్భంలో మరింత గట్టిగా చెప్పవలసిన మాట.

మోటారు ఎలా ఆగిందన్నది మొదటి సాక్ష్యం. వేగం తగ్గుతూ, మళ్లీ అందుకుంటూ, దగ్గినట్లు నడిచి ఆగితే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. స్విచ్చి కట్టేసినట్లు ఒక్కసారిగా ఆగితే ప్లగ్గుకు కరెంటు పోయిందని భావించాలి. శక్తి తగ్గిపోయి, శబ్దం బరువెక్కి, కాలిన వాసనతోనో హెచ్చరిక మోతతోనో ఆగితే అది వేడి. ఈ గుర్తులు ప్రతిసారీ ఇంత విడివిడిగా కనిపించకపోవచ్చు గాని, ఏ వైపు నుంచి వెతకాలో చెప్పడానికి చాలు.

పెట్రోలు వైపు వెతకడానికి ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు చాలా చక్కని సాధనం. దానికి రెండు చివరలా ఒక వైపే తెరుచుకొనే కవాటాలు ఉంటాయి, పైన చెక్కిన బాణం గుర్తు ఇంజను వైపు చూపుతుంది. స్టార్టు చేసే ముందు పైపు నింపడానికి దీనిని నొక్కుతారు గాని, మోటారు ఆగిన క్షణాన దీనిని చేత్తో పట్టి చూడాలన్న సంగతి చాలామందికి తోచదు. బల్బు లోపలికి పీల్చుకుపోయి చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే, దానికి వెనుక, అంటే ట్యాంకు వైపున, దారి మూసుకుపోయిందని నిశ్చయించవచ్చు. అప్పుడు ముందుగా చూడవలసింది ట్యాంకు మూత మీద ఉండే గాలి మర. పెట్రోలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రావాలి; రవాణాలో పెట్రోలు ఒలకకుండా బిగించిన ఆ మరను విప్పడం మరచిపోతే, ట్యాంకులో క్రమంగా శూన్యం ఏర్పడి, ఇంజను ఎంత పీల్చినా పెట్రోలు రాదు. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి దూకే శబ్దం వినిపిస్తే రోగం తేలిపోయినట్లే. మర విప్పే ఉన్నా అదే శబ్దం వస్తే, ఆ సన్నని రంధ్రం దుమ్ముతోనో పురుగు కట్టిన మట్టితోనో పూడిపోయి ఉంటుంది. శబ్దం రాకపోతే ట్యాంకు లోపలి జాలీని, పైపును చూడాలి.

బల్బు చప్పిడిగా కాక మెత్తగా ఉండి, నొక్కుతూ పోతే గట్టిపడి, ఆ నొక్కుడుతో మోటారు మళ్లీ ఊపందుకుంటే, ట్యాంకులో పెట్రోలు ఉన్నా ఇంజనుకు దానిని లాక్కొనే శక్తి లేదని అర్థం. కార్బ్యురేటరు మోటార్లలో పెట్రోలును లాగే పంపు లోపల పలుచని పొర ఒకటి ఇంజనులోని ఒత్తిడి మార్పులకు కంపిస్తూ పనిచేస్తుంది. ఆ పొర ఎండి బిరుసెక్కినా, దానికి సూది మొనంత చిల్లు పడినా, నెమ్మదిగా నడిచినంతసేపు సరిపోయే పెట్రోలు పూర్తి వేగంలో సరిపోదు. కార్బ్యురేటరు అడుగున ఉండే చిన్న గిన్నెలో నిలవ ఉన్న పెట్రోలు తరుగుతూ ఉన్నంతసేపు మోటారు ఏ లోపమూ లేనట్లు నడుస్తుంది, గిన్నె అడుగంటగానే ఆగిపోతుంది. రేవులో బాగున్న మోటారు నడినీటికి చేరాకే ఆగడంలో ఉన్న కిటుకులలో ఇది ఒకటి. పైపు కీలు వదులై గాలి పీల్చినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అక్కడ పెట్రోలు కారదు, ఎందుకంటే పీల్పు వల్ల గాలే లోపలికి పోతుంది తప్ప పెట్రోలు బయటికి రాదు. మోటారు ఆపి, బల్బును గట్టిగా నొక్కి పట్టుకొని పైపు పొడవునా వేలితో తడిమితే, చెమ్మ తగిలిన చోటే చిల్లు. అయితే అది బల్బుకూ ఇంజనుకూ మధ్యనున్న భాగానికే చెల్లుతుంది, వెనుక భాగంలోని క్లిప్పులను విడిగా బిగించి చూసుకోవాలి.

పాత పైపుల్లో మరొక దాగిన లోపం ఉంటుంది. బయటికి చెక్కుచెదరకుండా కనిపించే రబ్బరు పైపు లోపలి పొర ఊడి, తలుపు రెక్కలా వేలాడుతూ, పీల్పు పెరిగినప్పుడల్లా దారికి అడ్డం పడుతుంది. భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. దానిని తట్టుకొనేలా తయారు కాని పాత రబ్బరు పైపులు, వాషర్లు, పంపు పొరలు త్వరగా చెడతాయి. పాత మోటారు ఉన్నవారు పైపును, బల్బును కలిపి మార్చడం వారికయ్యే ఖర్చులన్నిటిలోకీ సార్థకమైనది.

కర్నూలు, కడప వేసవికి ప్రత్యేకమైన కష్టం ఇంకొకటి ఉంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరి కావడం మొదలవుతుంది. మే నెల ఎండలో నల్లని పైపు, లోహపు ట్యాంకు ఆ వేడిని ఎప్పుడో దాటిపోతాయి. పైపులో బుడగలు కట్టి, పంపు ద్రవానికి బదులు ఆవిరిని లాగుతుంది; దీనిని ఆవిరి అడ్డు అనవచ్చు. ట్యాంకును నీడలో ఉంచి, పైపు మీద తడి గుడ్డ కప్పి, బల్బు నొక్కి బుడగలను తోసివేస్తే మోటారు తిరిగి నడుస్తుంది. ఎండ మండే వేళల్లోనే ఆగి, ఉదయం పూట ఎన్నడూ ఆగని మోటారు విషయంలో ఈ కారణాన్ని ముందు వరుసలో ఉంచాలి.

ఇంతకంటే తీవ్రమైన నష్టం మోటారును వాడినప్పుడు కాక, వాడకుండా పక్కన పెట్టినప్పుడు జరుగుతుంది. కోస్తాలో ఏడాది పొడవునా నీటిలో ఉండే మోటారుకు ఉప్పు శత్రువు. సీమలో జలాశయం మట్టం దిగిపోయి నెలల తరబడి షెడ్డులో పడి ఉండే మోటారుకు నిలవ పెట్రోలు శత్రువు. కార్బ్యురేటరు గిన్నెలో వదిలేసిన పెట్రోలు కొన్ని నెలల్లో ఆవిరైపోతూ, అడుగున బంక లాంటి జిగురును మిగులుస్తుంది. వెంట్రుక దూరే పాటి రంధ్రాలున్న జెట్లు ఆ జిగురుతో సగం పూడిపోతాయి. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, సగం ఖాళీగా ఉంచిన ట్యాంకులో వానాకాలపు తేమ చేరి, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేది ఆ అడుగునే. అనుమానం వచ్చినప్పుడు గిన్నె కింది మరను విప్పి, కారిన పెట్రోలును తెల్లని గాజు సీసాలో పట్టి, కదపకుండా కాసేపు ఉంచి వెలుతురుకు ఎత్తి చూడాలి. అడుగున మసకబారిన పొరో, గుండ్రంగా దొర్లే నీటి బొట్లో కనిపిస్తే, ఆ పెట్రోలును పారబోసి, ట్యాంకు కడగడం తప్ప మార్గం లేదు. కొత్త పెట్రోలును దాని మీదనే పోసి సరిపెట్టడం వల్ల మేలు జరగదు.

పాత రెండు స్ట్రోకుల మోటార్లలో పెట్రోలుతో పాటు నూనె కూడా కలపాలి. చాలా మోటార్లకు లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున సరిపోతుంది. తయారీదారు చెప్పిన దానికి మించి కలిపితే ప్లగ్గు మసిబారి ఆగుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది; కొలత పాత్ర లేకుండా కంటి అంచనాతో కలిపే అలవాటును మానుకోవాలి.

ఇక వేడి సంగతి. నడిచే మోటారు వెనుక వైపు నుంచి సన్నని నీటి ధార ఒకటి నిరంతరం చిమ్ముతుంటుంది. చల్లబరిచే నీరు తిరుగుతోందనడానికి అది గుర్తు. మోటారు ఆగే ముందు ధార సన్నగిల్లిందా, ఆగిపోయిందా, ఆవిరి కలిసి వచ్చిందా అన్నది గమనించినవారు సగం రోగాన్ని కనిపెట్టినట్లే. ధార ఆగినంత మాత్రాన పంపు పోయిందని అనుకోనవసరం లేదు; షెడ్డులో ఉన్నప్పుడు మట్టితో గూడు కట్టే కందిరీగ ఆ రంధ్రాన్ని పూడ్చి ఉండవచ్చు గనుక, మోటారు ఆపి, గాలపు నైలాను దారాన్ని అందులోకి దూర్చి చూడాలి. ఆపిన వెంటనే చేతి తాడు లాగి చూడటం ఇంకొక మంచి పరీక్ష. ఎప్పుడూ లాగినంత తేలికగా వస్తే వేడి కాదు. తాడు బిగుసుకొని మొండికేస్తే, పిస్టన్ వ్యాకోచించి సిలిండరును ఒరుసుకుంటోందని గ్రహించి, పూర్తిగా చల్లారేదాకా మళ్లీ స్టార్టు చేయకూడదు. ఆ స్థితిలో బలవంతంగా తిప్పిన మోటారు చాలాసార్లు ఇంజను మార్పుతోనే బాగుపడుతుంది.

నీటిని తోడే పంపులో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నీరు అడుగంటిన బోరులో మోటారు పొడిగా తిరిగితే కాలిపోతుందని సీమ రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఈ ఇంపెల్లరుది కూడా అదే గతి. నీళ్లు లేకుండా ఒడ్డు మీదనే 'స్టార్టవుతుందో లేదో' అని ఒక నిమిషం నడిపి చూసే అలవాటు దానిని చంపుతుంది. రెక్కలు నలిగిపోయిన చక్రం తక్కువ వేగంలో నీటిని ఎలాగో తోడుతుంది గాని, బరువుతో వేగంగా పోయేటప్పుడు చాలదు, ఇంజను క్రమంగా వేడెక్కి పది నిమిషాల తరువాత ఆగుతుంది. నెలల తరబడి తిరగకుండా ఉంటే రెక్కలు వంగిన చోటే బిగుసుకుపోతాయి. ఏటా ఒకసారి కింది భాగం విప్పి దీనిని చూడటం, పగుళ్లుంటే మార్చడం తప్పనిసరి. జలాశయం మట్టం తగ్గిన రోజుల్లో మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు, ఒండ్రు పైకి తేలినట్లే అవుతాయి. బురద తగిలేంత లోతు తక్కువ నీటిలో మోటారును పూర్తిగా దించి నడిపితే, నీరు పీల్చే జాలీలోకి ఒండ్రు చేరి అదే వేడి పుడుతుంది. తెగిన వలల దారం ప్రొపెల్లరుకు చుట్టుకుంటే మోటారు ఒక్కసారిగా బిగుసుకొని ఆగడమే కాక, దారం షాఫ్టు చుట్టూ ఉన్న సీలును కోసి గేర్ల నూనెలోకి నీరు దిగేలా చేస్తుంది. ఆ నూనె పాలలా తెల్లబడి కనిపిస్తుంది.

ఇదంతా పర్యాటకుల సరదాకు మాత్రమే సంబంధించిన విషయమైతే ఇంత వివరంగా చెప్పుకోనవసరం ఉండేది కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు జనం మిద్దెల మీద చిక్కుకుపోయారు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువనున్న పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి పల్లెలను వరద ఊడ్చుకుపోయింది. అటువంటి రోజు సీమలో ఏళ్లకొకసారి వస్తుంది, ఆ ఏళ్లన్నీ రక్షణ బోటు మోటారు గదిలో పడి ఉంటుంది. పైగా వరద నీరు జలాశయపు నీరు లాంటిది కాదు. ప్లాస్టిక్ సంచులు, గడ్డి, గుడ్డలు, ఇసుక అన్నీ అందులో ఉంటాయి, ఒక్క సంచి నీటి జాలీకి అతుక్కుంటే చాలు. వీధుల్లో నడిపే బోటు మీద ఉన్నవారు నీటి ధారను చూస్తూ ఉండటానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించుకోవడం అనవసరపు జాగ్రత్త కాదు. ధార తగ్గగానే మోటారు ఆపి, పైకి వంచి, జాలీ మీది చెత్తను చేత్తో తీసివేసి, తిరిగి దించడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం మానుకుంటే మోటారు మొత్తం పోతుంది.

కరెంటు వైపు లోపం తక్కువగా కనిపించినా, దానిని పట్టుకోవడమే ఎక్కువ కష్టం. కాయిల్ లోపలి సన్నని తీగలో వెంట్రుకంత పగులు ఉంటే, చల్లగా ఉన్నప్పుడు తీగ కలిసే ఉంటుంది, వేడికి వ్యాకోచించి విడిపోతుంది. ఆగిన వెంటనే ప్లగ్గు తీగ మధ్య నిప్పురవ్వ పరీక్షించే చిన్న సాధనం పెట్టి తాడు లాగితే, వెలుగు రాకపోవడం వల్ల లోపం తేలుతుంది. అరగంట తరువాత అదే పరీక్ష చేస్తే వెలుగు చక్కగా వస్తుంది. ప్లగ్గును బయటికి తీసి లోహానికి ఆనించి నిప్పురవ్వ చూసే పాత పద్ధతి పెట్రోలు ఆవిరి కమ్మిన చోట ప్రమాదకరం గనుక ఆ సాధనమే మేలు. కాయిల్ దాకా పోయే ముందు, నడిపేవారి నడుముకో మణికట్టుకో కట్టుకొనే ఎర్ర తాడు క్లిప్పు సరిగా కూర్చుందో లేదో చూడాలి. మనిషి నీటిలో పడితే మోటారును ఆపడానికే ఆ తాడు ఉంది. దాని స్విచ్చి అరిగి, అలల కుదుపుకు ఊగి మోటారును ఆపడం అరుదేమీ కాదు. అయినా ఆ స్విచ్చిని తొలగించి తీగలు నేరుగా కలిపేయడం ప్రాణాలతో చెలగాటం, స్విచ్చిని మార్చడమే సరైన పని.

కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే కొత్త నాలుగు స్ట్రోకుల మోటార్లలో బల్బు పరీక్ష అంత స్పష్టమైన జవాబు ఇవ్వదు. వాటిలో ఇంజను పక్కనే ఇంకొక చిన్న ట్యాంకు, దానిలో అధిక ఒత్తిడి పంపు, సన్నని ఫిల్టరు ఉంటాయి; ఆ ఫిల్టరు పూడుకున్నా ఇదే తీరులో ఆగుతుంది. అయితే లోపాల సంకేతాలను అవి గుర్తుంచుకుంటాయి గనుక, సర్వీసు కేంద్రంలో వాటిని చదివించుకోవచ్చు.

నీరు దిగిపోయి మోటారును పక్కన పెట్టే ముందు, దాని కింది భాగం నీళ్ల డ్రమ్ములో మునిగి ఉండగా, పెట్రోలు పైపు ఊడదీసి, కార్బ్యురేటరు గిన్నె ఖాళీ అయి దానంతట అది ఆగేదాకా నడపాలి. ట్యాంకులో మిగిలిన పెట్రోలును వేరే బండిలో వాడుకోవచ్చు, రెండు స్ట్రోకుల నూనె కలిసి ఉంటే అదే రకం ఇంజనులో మాత్రమే. మోటారును నిలువుగా ఉంచి లోపలి నీరంతా కారనివ్వాలి, రంధ్రాల మీద పలుచని గుడ్డ కట్టాలి. తిరిగి దించే జూన్, జులై నెలల్లో డ్రమ్ములో రెండు నిమిషాలు నడిచిందని సంతృప్తి పడకుండా, మనుషులు ఎక్కకముందే ఒడ్డు వెంబడి, సగానికి పైగా వేగంతో, కనీసం అరగంట నడిపి చూడాలి. నడుస్తూ నడుస్తూ ఆగే లోపం అంతకు తక్కువ సమయంలో బయటపడదు.